ఆరు మూటలు

సాధన మధ్యలో చారుమతి కాలికి మూట తగిలింది. కట్టు ఊడి లోపలి పాతగుడ్డలు బయటపడ్డాయి. భీముడి వేషం వేసే గవర్రాజు వాటిని కాలితోనే పక్కకు నెట్టి, "ఏం ఫర్లేదమ్మా, మళ్ళీ అందుకో" అన్నాడు.

చారుమతి అందుకోలేదు.

"బాబాయిగారూ, ఇప్పుడు మీరు తన్నింది ఎవర్ని?"

గవర్రాజు తెల్లమొహం వేశాడు. మద్దెల ముందు కూర్చున్న నేనూ అంతే. పాతగుడ్డల్ని పట్టుకుని 'ఎవర్ని' అంటుందేమిటి ఈ పిల్ల అనుకున్నాను. ముప్ఫై ఏళ్ళపైగా ఆ యక్షగాన మేళంలో వాయించాను. ఆ ప్రశ్న నాకు ఒక్కసారి కూడా తట్టలేదంటే నన్ను నేనేమనుకోవాలో ఇప్పటికీ తెలియదు.

కథ మీకు తెలిసిందే. పాండవుల్ని నిద్రలోనే కాల్చి చంపాలని దుర్యోధనుడు లక్కతో ఇల్లు కట్టించాడు. కాపలాకి పురోచనుడనే వాణ్ణి పెట్టాడు. సంగతి పాండవులకు ముందే తెలిసి, సొరంగం తవ్వించుకున్నారు. పారిపోయే రోజున కుంతి వచ్చినవాళ్ళందరికీ భోజనాలు పెట్టింది. ఒక నిషాద స్త్రీ, అడవి మనిషి, తన ఐదుగురు కొడుకుల్ని వెంటబెట్టుకుని ఆ భోజనానికి వచ్చింది. తిన్నారు, తాగారు, అక్కడే పడి నిద్రపోయారు. భీముడు ఇంటికి నిప్పు పెట్టాడు. కుంతీ, ఆమె కొడుకులూ సొరంగంలోంచి వెళ్ళిపోయారు.

తెల్లారి ఊరివాళ్ళకు బూడిదలో పురోచనుడిది కాక తల్లిది ఒకటి, కొడుకులవి ఐదు, ఆరు శవాలు దొరికాయి. అయ్యో కుంతీ, అయ్యో ధర్మరాజా అని ఊరు ఊరంతా ఏడ్చింది. ఆ ఏడుపులో ఒక్క చుక్క కూడా చచ్చిపోయినవాళ్ళ కోసం కాదు. కుంతి తెలిసి చేసిందో తెలియక చేసిందో పండితులు తేల్చుకుంటారు. వాళ్ళు తాగి పడుకున్నారన్న మాట మాత్రం కథ మరిచిపోకుండా చెబుతుంది. తాగినవాళ్ళు కదా, పోతే పోయారులే అని వినేవాడు సర్దుకోవడానికి అదొక్కటి చాలు.

మా ఆటలో ఆ ఆరుగురూ ఆరు మూటలు. చిరిగిపోయిన పాత తెరల్ని చుట్టి, తాళ్ళతో కట్టి, సొరంగం ముందు వరసగా పడేసేవాళ్ళం. కుంతి చీర కుచ్చెళ్ళు రెండు వేళ్ళతో ఎత్తిపట్టి, తలెత్తి, ఒక్క అంగలో వాటిని దాటాలి. ఆ పాదం అవతల నేలకు తాకడమూ నా మద్దెల మీద ముగింపు దెబ్బ పడడమూ ఒక్కసారే జరగాలి. దాన్ని 'కుంతి దాటు' అనేవారు. మా మేళానికి పేరు తెచ్చింది అదే. ఆ ఒక్క అడుగు చూడడానికి పక్క ఊళ్ళనుంచి బళ్ళు కట్టుకుని వచ్చేవాళ్ళు. ఆ చప్పట్లలో సగం నా దెబ్బకేనని నేను లోపల్లోపల మురిసిపోయేవాణ్ణి.

ఆ అడుగుని నిలబెట్టింది యజ్ఞన్నగారు. ఆడవేషాలు మగవాళ్ళే కట్టే రోజులనుంచి ఆయనే కుంతి. మోకాళ్ళు మొరాయించాక వేషం మానేసి, చారుమతికి నేర్పారు. తొమ్మిదో ఏట ఆయన దగ్గరికి వచ్చిన పిల్ల. ఇరవై రెండో ఏట, రాబోయే శ్రీరామనవమి పందిట్లో మొదటిసారి కుంతి కట్టబోతోంది. మా మేళంలో ఒక ఆడపిల్ల కుంతి కట్టడం అదే మొదలు.

అలాంటి సమయంలో ఈ ప్రశ్న.

చారుమతి గురువుగారి వైపు తిరిగింది. ఆయన స్తంభానికి ఆనుకుని, తాళం వేసే కర్ర ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

"గురువుగారూ, వీళ్ళకి దరువెందుకు లేదు?"

దరువు సంగతి చెప్పాలి. మా ఆటలో ఏ పాత్ర రావాలన్నా ముందు ఇద్దరు తెర పట్టుకుంటారు. తెర వెనకనుంచి ఆ పాత్ర తన పేరూ గొప్పా చెప్పుకునే పాటకి ఆడుతూ బయటికి వస్తుంది. అదే ప్రవేశ దరువు. ద్వారపాలకుడికీ ఉంటుంది, దాసికీ ఉంటుంది. దరువు లేనివాళ్ళు మా రంగస్థలం మీద లేనట్టే లెక్క.

"పురోచనుడికి పదహారు చరణాల దరువుంది" అంది చారుమతి. "మీసం మెలేస్తూ వస్తాడు. ఇల్లు తగలబెట్టడానికి వచ్చినవాడికి పదహారు చరణాలు. తగలబడిపోయిన తల్లికి ఒక్క అడుగు లేదు. పాతగుడ్డలు! కాలితో తన్నుకోవడానికి!"

"పేరే లేని పాత్రకి దరువేం కడతారమ్మాయ్?" అన్నాడు గవర్రాజు నవ్వేస్తూ.

"పేరు లేనిది ఆవిడ తప్పా?"

గురువుగారు కర్ర పక్కన పెట్టారు. "మూట కట్టి లోపల పెట్టండి. ఇవాళ్టికి చాలు" అన్నారు.

చారుమతి ఒళ్ళు మండిపోయింది. ఆ మంటలోనే ఇరవై రోజులు కూర్చుని, నిషాద స్త్రీకి తనే ఒక దరువు కట్టుకుంది. పురోచనుడికి పదహారు చరణాలైతే ఈమెకు ఇరవై. ఒక ఉదయం మేళం అంతటినీ కూర్చోబెట్టి, నన్ను మద్దెల పట్టమని, ఆడి చూపించింది.

నిజం చెప్పాలి. అంత జోరుగా ఆమె ఆడగా నేను మళ్ళీ చూడలేదు. వడ్డాణం, వంకీలు, జడకుచ్చులు, ఎర్ర పట్టుచీర అన్నీ పెట్టుకుంది. తెర చీల్చుకున్నట్టు బయటికి వచ్చి, 'అగ్నిశిఖను నేను' అని మొదలుపెట్టింది. మంటల్లోంచి లేచింది. కుంతిని వేలెత్తి చూపించి శపించింది. భీముడి మీద దుమ్మెత్తి పోసింది. చివరి గిరికీలకి నా అరచేతులు వాచిపోయాయి. ఆట ఆగేసరికి గవర్రాజు అంతటివాడు తల దించుకుని కూర్చున్నాడు.

చారుమతి రొప్పుతూ గురువుగారి ముందుకొచ్చి నిలబడింది.

"నీ కోపం చూశాను" అన్నారాయన. "నిజమైన కోపమే. ఆవిడ మాత్రం కనబడలేదు."

చారుమతి మొహం మాడిపోయింది.

"ఆవిడ ఆ ఇంటికి ఎందుకొచ్చింది?"

"చావడానికి!"

"కాదు. అన్నానికి."

గురువుగారు ఆమె నడుముకున్న వడ్డాణం వైపు ఒకసారి చూసి, చూపు తిప్పుకున్నారు. ఆ పిల్ల చెయ్యి దానంతటదే వడ్డాణం మీదికి పోయింది. కానీ తప్పు చూపించినవాళ్ళ మీద వచ్చే కోపం అన్నిటికంటే పెద్దది. అది తన్నుకొచ్చింది.

"సరే, నాకు చేతకాలేదు. మీకు చేతనయింది కదా, మీరేం చేశారు? ముప్ఫై రెండేళ్ళు ఆవిణ్ణి దాటారు. జనం చప్పట్లు కొడుతుంటే దాటారు. ఒక్కరోజైనా కిందికి చూశారా?"

"నోర్ముయ్!" గవర్రాజు లేచి నిలబడ్డాడు. "ఎవరితో మాట్లాడుతున్నావో తెలుస్తోందా?"

గురువుగారు చెయ్యెత్తి అతన్ని ఆపారు.

"ముప్ఫై నాలుగేళ్ళు" అన్నారు చారుమతితో. "చూడలేదమ్మా. కిందికి చూస్తే తాళం తప్పుతుంది. చూపు జనం మీద ఉంచమని మా గురువుగారు చెప్పారు. నేను నీకూ అదే చెప్పాను."

ఆయన గొంతులో కోపం లేదు, నొచ్చుకున్నట్టూ లేదు. నాకైతే ఆ క్షణాన నేల చీలితే బాగుండుననిపించింది. ఆయన దాటిన ప్రతిసారీ ముగింపు దెబ్బ వేసింది ఈ చేతులే కదా.

"ఆ మూటలుంటే నేను కుంతి కట్టను" అంది చారుమతి. కళ్ళనిండా నీళ్ళు, దవడ మాత్రం బిగించే ఉంది. "ఇంకెవర్నైనా చూసుకోండి. పదమూడేళ్ళు నేర్చుకున్నది వదిలేసి పోతాను."

"మూటలుండవు."

ఆమె నమ్మలేనట్టు చూసింది. "అయితే ఆవిడ వేషం?"

"వేసేవాళ్ళున్నారు."

"నేనే వేస్తాను గురువుగారూ! మళ్ళీ కడతాను దరువు. నగలు తీసేస్తాను."

"నీకు నేర్పింది కుంతి. కుంతి కట్టు. అడుగు మాత్రం మార్చకు. నేర్పినట్టే దాటాలి."

చారుమతి సరేనంది. తను గెలిచాననుకుంది. ఆ వారమంతా ఎవరు కడుతున్నారా ఆ వేషం అని అందర్నీ ఆరా తీసింది. ఎవరికీ తెలియదు. ఆ దృశ్యం దగ్గరికి వచ్చేసరికి గురువుగారు ఖాళీ నేల చూపించి, "ఇక్కడ ఉంటుంది, దాటు" అనేవారు. ఆమె దాటేది. చక్కగా, తాళానికి సరిగ్గా దాటేది.

నవమినాడు సాయంత్రం ఆట. ఇంకా వెలుతురుండగానే పందిరి నిండిపోయింది. యజ్ఞన్నగారి శిష్యురాలు మొదటిసారి దాటుతోందని ఊళ్ళో ముసలివాళ్ళంతా ముందే వచ్చి చాపలు పరుచుకున్నారు. పురోచనుడు పదహారు చరణాలు ఆడి, మీసం మెలేసి వెళ్ళాడు. కుంతి భోజనాలు పెట్టే ఘట్టం వచ్చింది. చారుమతి విస్తళ్ళు వేసి, వడ్డిస్తూ, వచ్చినవాళ్ళందర్నీ చిరునవ్వుతో పలకరిస్తోంది. ఆ అభినయం ఆమెకు కొట్టినపిండి.

నిషాద స్త్రీ రావాలి. తెర పట్టేవాళ్ళిద్దరూ తెర అందుకోబోతే పాటగాడు వద్దని తల ఊపాడు. దరువు లేదు. నన్ను కూడా గురువుగారు వాయించవద్దన్నారని అప్పుడే సైగ చేశాడు.

జనం మధ్యలోంచి ఒకావిడ నడిచి వస్తోంది. మట్టికొట్టుకున్న ముతకచీర మోకాళ్ళదాకా ఎగగట్టి ఉంది. మెళ్ళో, చేతులకీ ఏమీ లేవు. ఎవరో నిజంగానే అన్నానికొచ్చారనుకుని, ముందువరసలో కూర్చున్నాయన "ఇటు కాదు, ఆ వెనక్కెళ్ళు" అని కసిరాడు. ఆమె బెదిరి ఒదిగింది. చంకలో పిల్లాణ్ణి సర్దుకుంది. ఇంకొకడి చెయ్యి పట్టుకుంది. వెనకబడిపోయినవాణ్ణి రమ్మని పిలిచింది. ముందు పరిగెత్తబోయినవాడి జుట్టు పట్టుకుని ఆపింది. పెద్దవాడు సిగ్గుపడుతుంటే వాడి వీపు మీద చెయ్యేసి తోసింది. చుట్టూ ఒక్క పిల్లాడు లేడు. అయినా ఐదుగుర్నీ మేమందరం చూశాం.

ఆ మోకాళ్ళ నడక చూసి నాకు తెలిసింది, యజ్ఞన్నగారని. చారుమతికి నాకంటే ముందే తెలిసినట్టుంది. వడ్డించే చెయ్యి గాల్లో ఆగిపోయింది.

ఆవిడ విస్తరి ముందుకొచ్చింది కానీ కూర్చోలేదు. కూర్చోవచ్చునా అన్నట్టు కుంతి మొహంలోకి చూసింది. అంత సేపు ఒక మనిషి మొహంలోకి చూడగలరని నాకు తెలియదు. చారుమతి ఎలాగో రమ్మని చెయ్యి చాపింది. అప్పుడు కూర్చుంది. వేడి అన్నం వేళ్ళతో చల్లార్చి, చంకలో పిల్లాడికి పెట్టింది. ఒకడు లాక్కుంటే మందలించి మళ్ళీ వాడికే ఇంకో ముద్ద పెట్టింది. అడగడానికి మొహమాటపడే పెద్దవాడి విస్తట్లోకి, వాడు అటు చూస్తున్నప్పుడు, తనది సగం తోసేసింది. అందరూ తిన్నాక విస్తరికి అంటుకున్న మెతుకులు ఏరుకుని తింది.

తిని లేచి, చెయ్యి చీరకు తుడుచుకుని, కుంతి దగ్గరికి వెళ్ళింది. ఐదు వేళ్ళు చూపించింది. నీకూ ఐదుగురేనట కదా అన్నట్టు. రెండు చేతులూ కుంతి తల చుట్టూ తిప్పి, కణతల మీద మెటికలు విరిచింది. నీ ఐదుగురూ చల్లగా ఉండాలని దీవించింది.

చారుమతి పెదవి కొరుక్కుంది. కుంతి ఏడవకూడదు, ఆటలో లేదు.

ఆవిడ పిల్లల్ని ఒక్కొక్కణ్ణీ పక్క పక్కన పడుకోబెట్టింది. చిన్నవాడికి కొంగు కప్పింది. తను వాళ్ళకు అడ్డంగా, సొరంగం ముందు, ఒత్తిగిల్లి కళ్ళు మూసుకుంది.

దాటే చరణం మొదలైంది. గవర్రాజు కాగడా పట్టుకుని వచ్చాడు. పిడికిట్లో గుగ్గిలం పొడి ఉంది. అది కాగడా మీద విసిరితే మంట భగ్గున లేస్తుంది. కుంతి దాటగానే అతను విసరాలి.

చారుమతి కుచ్చెళ్ళు రెండు వేళ్ళతో ఎత్తింది. కాలెత్తలేదు.

గురువు కూర్చునే చాపకి కూడా కాలు తగలనివ్వని పిల్ల. పొరపాటున ఆయన తాళం కర్రకు పాదం తగిలినా మూడుసార్లు కళ్ళకద్దుకునే పిల్ల. ఆయన ఆమె కాళ్ళ దగ్గర, ముతకచీరలో, నిజంగా నిద్రపోతున్నట్టు ఊపిరి తీస్తున్నారు. పాటగాడు చరణం రెండోసారి ఎత్తుకున్నాడు. మూడోసారి ఎత్తుకున్నాడు.

"దాటమ్మా" అన్నాడు గవర్రాజు నోట్లో నోట్లోనే.

చారుమతి కిందికి చూసింది. ముందు చిన్నవాడు పడుకున్న చోటు చూసింది, తర్వాత వాడి పక్కన, ఆ పక్కన. అక్కడ ఉత్త నేల తప్ప ఏమీ లేదు. అయినా ఎవరి మీదా పాదం పడకుండా, ఎంత సాగితే అంత సాగదీసి దాటింది. తాళం తప్పింది. నా ముగింపు దెబ్బ నేను వెయ్యలేదు. చెయ్యి రాలేదు.

గవర్రాజు కళ్ళు మూసుకుని గుగ్గిలం విసిరాడు. మంట లేచింది.

ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. ముందు చాప మీదనుంచి ఒక ముసలావిడ లేచి నిలబడి, రెండు చేతులూ ఊపుతూ కేక పెట్టింది.

"ఓరి మీ చేతులు పడిపోనూ! ఆపండర్రా, లోపల పిల్లలున్నారు!"

పందిరంతా గొల్లుమంది. నవ్వులు కావు. నలుగురైదుగురు లేచి ముందుకు వచ్చేశారు కూడా. నిర్వాహకులు వాళ్ళని కూర్చోబెట్టేసరికి చాలాసేపు పట్టింది. కాసేపటి క్రితం "వెనక్కెళ్ళు" అని కసిరినాయన మాత్రం తలెత్తలేదు. ఎత్తకూడదనే నా కోరిక. నేనూ ఎత్తలేదు.

ఆట ముగిసింది. తడికల గదిలో గురువుగారు ముక్కాలిపీట మీద కూర్చుని, కొబ్బరినూనెతో మొహం మీది మట్టిరంగు తుడుచుకుంటున్నారు. చారుమతి కుంతి వేషంతోనే పరిగెత్తుకొచ్చి, ఆయన కాళ్ళ మీద పడింది. రెండు పాదాలూ పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

"మిమ్మల్ని దాటాను గురువుగారూ! ఇంతమందిలో మిమ్మల్ని దాటాను. ఈ పాపం ఎక్కడ కడుక్కోను? నన్ను క్షమించానని ఒక్క మాట అనండి."

ఆయన గుడ్డ పక్కన పెట్టారు. ఆ మొహంలో కోపం నేను అప్పుడు చూశాను, అంతకు ముందెప్పుడూ చూడలేదు. అది ఆ పిల్ల మీద కాదు.

"నన్నెందుకమ్మా అడుగుతావు? నువ్వు దాటింది నన్ను కాదుగా."

చారుమతి ఏడుపు ఆగిపోయింది. మెల్లగా ఆయన పాదాల మీదనుంచి చేతులు తీసేసింది.